సైటు అడుగున తయారుచేసినవాళ్ల లింకు: ఎవరిని అడిగి పెట్టారు?

చీరాల చేనేత: మా చీరల షాపు సైటుకి 18 వేలు ఇచ్చాను. నిన్న ఒక కస్టమర్ ఫోన్ చేసి, "అడుగున లింకు నొక్కితే వేరే కంపెనీ పేజీ వస్తోంది, ఇది మీ సైటేనా?" అంది. నా డబ్బుతో కట్టించుకున్న ఇంటికి మేస్త్రీ బోర్డు ఎందుకు?

థీమ్ రాజు: సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ ఉంది కదా, దాని థీముల్లో (రెడీమేడ్ డిజైన్లలో) కూడా అడుగున వర్డ్‌ప్రెస్ పేరు ఉంటుంది అక్కా. జీపీఎల్ లైసెన్సు (కోడ్‌ని ఎవరైనా మార్చుకోవచ్చనే అనుమతి) కాబట్టి వద్దనుకుంటే తీసేసుకోవచ్చు. ఒక్క లైనుకి ఇంత గొడవా?

చీరాల చేనేత: తీసేయొచ్చని నాకెవరు చెప్పారు? అడిగి పెట్టారా లేదా, అది చెప్పండి.

కోడ్ పిచ్చి: వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్లు, అంటే సైటుకి అదనపు పనులు చేర్చే కోడ్, ఉండే డైరెక్టరీ నియమం ఇదే. సైటు ఓనరు ఒప్పుకుంటేనే క్రెడిట్ లింకు కనిపించాలి, మొదట్లో ఆఫ్‌లోనే ఉండాలి.

థీమ్ రాజు: అది ప్లగిన్లకి. థీమ్‌లో ఒక క్రెడిట్ లింకు పెట్టుకోవచ్చు. రెండూ కలపకండి.

కోడ్ పిచ్చి: నేను అడుగుతున్నది ఓనరుకి చెప్పారా అని. మీరు థీమా ప్లగినా అంటారు!

వైజాగ్ వెబ్: చాలా సైట్ల ఫుటర్లలో (అడుగు భాగాల్లో) పరిచే లింకుల్ని గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుంది. కనీసం ఆ లింకుకి నోఫాలో (దీన్ని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే గుర్తు) పెట్టండి.

థీమ్ రాజు: హాట్‌మెయిల్ అనే ఈమెయిల్ సర్వీసు 1996లో ప్రతి మెయిలు కింద తన ప్రచార లైను పెట్టుకునే పెరిగింది. అప్పుడెవరూ తప్పనలేదు.

చీరాల చేనేత: అది ఉచితం! నేను డబ్బు కట్టాను!

థీమ్ రాజు: డబ్బు, డబ్బు! పోయినేడు ఒక ఆస్పత్రి సైటుకి నలభై రోజులు కూర్చున్నాను. అడ్వాన్సు తప్ప పైసా రాలేదు. అడుగున నా పేరు చూసి ఇద్దరు ఫోన్ చేశారు, దాంతోనే ఇల్లు గడిచింది. ఆ పేరు కూడా తీసేస్తే మాకు పని ఎవరిస్తారు?

ఓ పాఠకుడు: ఆ ఆస్పత్రి వాళ్ల బాకీ ఈవిడ తీర్చాలా?

చీరాల చేనేత: తమ్ముడూ, మా నాన్న పదిహేను రోజులు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేసిన చీర మీద ఆయన పేరు ఎక్కడా ఉండేది కాదు. అమ్మినవాడి లేబులే. కాబట్టి పేరు విలువ నాకు తెలుసు. "పేరు ఉంచితే వెయ్యి తగ్గిస్తా" అని ముందే అంటే సరేననేదాన్ని. చెప్పకుండా పెట్టడమే నాకు బాధ.

థీమ్ రాజు: మీ నాన్నగారి పేరు కూడా ఉండాల్సిందే అంటాను నేను. దానికి కూడా అమ్మేవాడి పర్మిషన్ కావాలా?

చీరాల చేనేత: చీర కట్టుకునేవాళ్లకి చెప్పాలి. ఆ లింకు తీసేయడం ఎలాగో చెప్పు. పేరు ఉంచుతాను.