అహ్మదాబాద్ క్లయింట్లని ఎక్కడికి తీసుకెళ్ళాలి: ఫలక్‌నుమానా, మాదాపూరా?

జీడిమెట్ల_కుర్రాడు:
మాది జీడిమెట్లలో చిన్న కంపెనీ. మందుల ఫ్యాక్టరీలకి రియాక్టర్లు చేస్తాం. బుధవారం పొద్దున అహ్మదాబాద్ నుంచి ముగ్గురు వస్తున్నారు: ఓనరు, ప్లాంట్ హెడ్, పర్చేజ్ మేనేజరు. మాదాపూర్‌లో దిగుతున్నారు, గురువారం మధ్యాహ్నం ఫ్లైట్. మా వైపు నుంచి ఎండీ గారు, నేను. ఆయనేమో "ఫలక్‌నుమా ప్యాలెస్ హోటల్‌కి డిన్నర్‌కి తీసుకెళ్దాం, జన్మలో మర్చిపోరు" అంటున్నారు. నాకేమో వాళ్ళ బసకి దగ్గర్లోనే, ఐటీసీ కోహినూర్‌లో దమ్ పుఖ్త్ బేగమ్స్ లాంటి రెస్టారెంట్ చాలనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

సేల్స్_బాబాయ్:
ఇందులో ఆలోచించడానికేముంది బాబూ, ఫలక్‌నుమా. 22 ఏళ్ళుగా సేల్స్‌లో ఉన్నాను, నా మాట విను. అక్కడికి తిండి కోసం వెళ్ళం. 101 మంది ఒకేసారి కూర్చునే డైనింగ్ టేబుల్ ఉన్న ప్యాలెస్ అది. 2017లో ఇవాంకా ట్రంప్‌కి మోదీ విందు ఇచ్చింది అక్కడే. మీకు ఆ టేబుల్ ఇవ్వరులే, 'అదా' అనే రెస్టారెంట్‌లో కూర్చోబెడతారు, హైదరాబాదీ వంటలు. కొండెక్కడానికి గుర్రపు బగ్గీ ఉంటుందేమో బుక్ చేసేటప్పుడే అడుగు. పైనుంచి పాతబస్తీ దీపాలు చూపించు. రేటు సంగతి మర్నాడు మాట్లాడు.

కోఠి_టు_కొండాపూర్:
అన్నా, మాదాపూర్ కెల్లి సాయంత్రం పూట ఫలక్‌నుమా పోవుడంటే మెహిదీపట్నం దాటేసరికే సగం పానం పోతది. మళ్ల రాత్రి వాపస్ రావాలె. ఎయిర్‌పోర్టుకు పోయే రోజైతే దారికి దగ్గర పడ్తది, గప్పుడు సరే.

లెడ్జర్_మూర్తి:
నేను అకౌంట్స్ మనిషిని. చోటు తర్వాత, ముందు బిల్లు సంగతి చూడండి. గది అద్దె 7,500 దాటే హోటళ్ళలో రెస్టారెంట్ బిల్లు మీద జీఎస్టీ 18 శాతం. బయట విడిగా ఉన్న మంచి రెస్టారెంట్‌లో 5 శాతమే. మద్యం జీఎస్టీలోకి రాదు, దానికి వ్యాట్ వేరే. సర్వీస్ ఛార్జీ తప్పనిసరి కాదు. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే చెప్పింది, తీసేయమని అడగొచ్చు.

సేల్స్_బాబాయ్:
క్లయింట్ పక్కన కూర్చుని ఉండగా సర్వీస్ ఛార్జీ తీసేయమని బేరమాడమంటారా మూర్తిగారూ? అయినా బిల్లు మీద కంపెనీ జీఎస్టీ నంబరు వేయించుకుంటే ఆ 18 శాతం క్రెడిట్ వచ్చేస్తుంది, మనం కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది కదా.

లెడ్జర్_మూర్తి:
రాదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) చదవండి. భోజనాలకి, క్యాటరింగ్‌కి మీలాంటి కంపెనీలకి క్రెడిట్ లేదు.

సేల్స్_బాబాయ్:
మాకు వచ్చింది.

లెడ్జర్_మూర్తి:
జీఎస్టీ పోర్టల్‌లో కనబడి ఉంటుంది. కనబడటం వేరు, తీసుకోవడం వేరు. తీసుకుని ఉంటే ఏదో ఒక రోజు నోటీసొస్తుంది, వడ్డీతో కట్టాలి.

ఉలవచారు_ప్రియ:
జీఎస్టీ క్లాసు ఆపి ఆ పిల్లాడికి పనికొచ్చేది చెప్పండయ్యా. వాళ్ళేం తింటారో అడిగావా బాబూ? అహ్మదాబాద్ అంటున్నావు కాబట్టి చెప్తున్నా. ఓసారి ఇక్కడే ఒక స్టార్ హోటల్లో ఎనిమిదిన్నరకి టేబుల్ చెప్పి గుజరాతీ పార్టీని కూర్చోబెట్టాం. వాళ్ళలో పెద్దాయన జైనుడు, సూర్యాస్తమయం తర్వాత నీళ్ళు కూడా ముట్టరు. ఆ సంగతి మాకు తెలీదు. ఆయన ముందున్న ప్లేటు ఖాళీగా అలాగే ఉంది. వెయిటర్ మూడుసార్లు వచ్చి "సర్, కొంచెం సూప్?" అన్నాడు. మూడుసార్లూ ఆయన నవ్వి చెయ్యి అడ్డం పెట్టాడు. నేను మటుకు కబాబులు తింటున్నా. ఇప్పటికీ కబాబు చూస్తే ఆ చెయ్యే గుర్తొస్తుంది.

వెండర్ల_బాధితురాలు:
నేను అవతలి పక్షం. 11 ఏళ్ళుగా పర్చేజ్‌లో ఉన్నాను, నన్ను ఇలాంటి డిన్నర్లకి ఎందరు తీసుకెళ్ళారో లెక్కలేదు. పొద్దున నాలుగింటికి లేచి ఫ్లైటెక్కి, రోజంతా ఫ్యాక్టరీలో తిరిగి, రాత్రి పదింటికి గజల్ వింటూ పన్నెండు రకాలు తినాలంటే ఏడుపొస్తుంది. "మీకేం కావాలి" అని అడిగినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. మాట వినబడే చోటు చూడండి చాలు. పక్కన స్పీకరు ఉండకూడదు. తొమ్మిదింటికల్లా వదిలేయండి.

సేల్స్_బాబాయ్:
అందరూ మీలా ఉండరమ్మా. గుజరాత్‌లో మద్యనిషేధం. అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళు హైదరాబాద్‌లో పెందరాళే పడుకుంటారంటే నేను నమ్మను. మూర్తిగారి లెక్కన పోతే క్లయింట్‌కి ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు పెట్టి పంపేయాలి.

లెడ్జర్_మూర్తి:
పంపండి, తప్పేముంది? రెండేళ్ళ కిందట దీపావళికి మా దగ్గర వెల్డర్ల బోనస్ "మార్చిలో చూద్దాం" అన్నారు. అదే వారం అయిదుగురు తిన్న బిల్లు 61,400 నా టేబుల్ మీదికొచ్చింది. అందులో 23 వేలు మందే. పాస్ చేయకపోతే సేల్స్ హెడ్ ఊరుకోడు. సంతకం పెట్టి, పైన ఇద్దామని లేచాను. మెట్ల దగ్గర ఓ వెల్డరు ఆపి "సార్, మాదేమన్నా తెలిసిందా?" అన్నాడు. బిల్లు ఇంకా నా చేతిలోనే ఉంది, మడిచి జేబులో పెట్టుకున్నా. సెక్షన్ నంబర్లు ఎందుకు చెప్తున్నానో ఇప్పుడర్థమైందా?

కోఠి_టు_కొండాపూర్:
🙏

సేల్స్_బాబాయ్:
అర్థమైంది. నాదీ వినండి. ఆ డిన్నర్లతోనే ఆర్డర్లొచ్చాయి, ఆర్డర్లతోనే మార్చిలోనైనా బోనస్‌లిచ్చారు. నేను అమలాపురం పక్కన పల్లెటూళ్ళో తెలుగు మీడియం చదివినవాణ్ణి. మొదటిసారి స్టార్ హోటల్‌కి క్లయింటే నన్ను తీసుకెళ్ళాడు. నాప్‌కిన్ ఏం చెయ్యాలో తెలీక మడత విప్పకుండా ప్లేటు పక్కనే పెట్టుకున్నా. అతను నవ్వాడు. ఆర్డరిచ్చాడు గానీ అయిదు శాతం కోశాడు, నేను నోరెత్తలేకపోయా. అప్పట్నుంచీ టేబుల్ నేనే బుక్ చేస్తున్నా. ఫలక్‌నుమా మెట్ల మీద నేను ఓనర్‌ని, అతను అతిథి. అది మీ లెడ్జర్లో ఏ పద్దు కింద రాస్తారు?

వెండర్ల_బాధితురాలు:
బాబాయ్ గారూ, కోప్పడకండి. మాకూ తెలుసు. ఆ బగ్గీ ఖర్చు తర్వాత కొటేషన్‌లో ఎక్కడ కలుపుతారో కూడా తెలుసు, సాధారణంగా ఫ్రైట్‌లో, అంటే రవాణా ఖర్చులో. అక్కడే కోస్తాం.

సేల్స్_బాబాయ్:
ఇన్‌స్టలేషన్‌లో కలుపుతాం అమ్మా. ఫ్రైట్ పాత పద్ధతి.

జీడిమెట్ల_కుర్రాడు:
అందరికీ థాంక్సండి. ఉలవచారు గారు చెప్పాక పర్చేజ్ మేనేజర్‌కి ఫోన్ చేసి అడిగేశాను. ఓనరుగారు జైనులే, చీకటి పడ్డాక ముట్టరట. ఎండీ గారికి చెప్తే కాసేపు మొహం ముడుచుకుని "సరే, లంచ్ పెట్టు" అన్నారు. బుధవారం ఒంటిగంటకి మాదాపూర్‌లోనే, మూల టేబుల్, స్పీకర్‌కి దూరంగా. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేకుండా అని వంటవాళ్ళకి రాసి పంపా. ఇంకోటి, ఆ పర్చేజ్ మేనేజరు ఫోన్ పెట్టేముందు గొంతు తగ్గించి "రాత్రికి మటన్ బిర్యానీ ఎక్కడ బాగుంటుంది?" అన్నాడు.

సేల్స్_బాబాయ్:
నేను చెప్పలా! అతన్ని విడిగా తీసుకెళ్ళు. లంచ్ బిల్లు మీద కంపెనీ నంబరు మాత్రం వేయించుకో.

లెడ్జర్_మూర్తి:
వేయించినా రాదు.