డిప్రెషన్ తగ్గినా దేనిమీదా ఇష్టం పుట్టడం లేదు. మీకెవరికైనా ఇలా అయిందా?

మాది విజయనగరం. నాకు 36 ఏళ్లు, ఆరేళ్లుగా బైపోలార్ (మూడ్ కొన్నాళ్లు బాగా పైకి, కొన్నాళ్లు బాగా కిందకి పోయే జబ్బు). దానికి లిథియం అనే మందు రోజుకు 900 మిల్లీగ్రాములు వాడుతున్నాను, రక్తంలో దాని లెవెల్ 0.7, ఉండాల్సినంతే ఉంది. లిథియం వల్ల థైరాయిడ్ దెబ్బతింటుందంటారు కదా, అదీ చూపించాను, నార్మలే.

జూన్‌లో వచ్చిన డిప్రెషన్ ఆగస్టుకల్లా చాలావరకు తగ్గింది. నిద్ర, ఆకలి బాగానే ఉన్నాయి. ఏడుపు లేదు, చావు ఆలోచనలు లేవు. కానీ సంతోషం అనేదే తెలియడం లేదు. మొన్న పైడితల్లమ్మ జాతరలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) నా కళ్ల ముందు నుంచే వెళ్లింది. అందరూ అరటిపండ్లు విసిరి దండం పెడుతుంటే నా చేతిలో పండు అలాగే ఉండిపోయింది. మా పాప నవ్వితే, నవ్వాలని గుర్తు తెచ్చుకుని నవ్వుతున్నాను. తనకు తెలిసిపోతుందేమోనని భయం.

అయ్యకోనేరు గట్టున రోజూ 40 నిమిషాలు నడుస్తున్నాను. కౌన్సెలర్ చెప్పినట్టు, ఒకప్పుడు ఇష్టమైన పనులను టైం పెట్టుకుని 8 వారాలు చేశాను. జూలైలో మొదలుపెట్టిన లామోట్రిజిన్ (బైపోలార్‌లో డిప్రెషన్ మళ్లీ రాకుండా ఇచ్చే మందు) 25 మిల్లీగ్రాముల నుంచి మెల్లగా పెంచి 200కి చేరి ఐదు వారాలైంది. యాంటీడిప్రెసెంట్ ఇస్తే మేనియా (మూడ్ అదుపు తప్పి పైకి పోవడం) వచ్చే ప్రమాదం ఉందని డాక్టరు గారు ఇంకా ఇవ్వలేదు. వచ్చే వారం మళ్లీ వెళ్లాలి.

బైపోలార్‌లో మూడ్ కుదుటపడ్డాక కూడా ఇలాగే ఉండి బయటపడినవాళ్లు చెప్పండి, మీకు ఆ ఇష్టం ఏ మార్పుతో తిరిగి వచ్చింది?