మెంటర్ పేరు లేని ఐడియాలు జాబితాలో ఉంచాలా, తీసేయాలా?

పల్లేరుకాయ:
గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (గూగుల్ స్టైపెండ్‌తో కొత్తవాళ్ళు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కోడ్ రాసే కార్యక్రమం) మన తెలుగు స్పెల్‌చెక్ ప్రాజెక్టు తరఫున అప్లై చేయాలంటే ముందు ఐడియాల జాబితా చూపించాలి. ఇప్పుడు 14 ఉన్నాయి. అందులో 9 ఐడియాల దగ్గర మెంటర్, అంటే ఆ పనిలో దారి చూపే మనిషి, పేరు ఖాళీ. వాటిని తీసేద్దాం అంటాను. నిరుడు ఏమైందో మరిచిపోయారా? వరంగల్ నుంచి ఒకమ్మాయి సంధి పదాల ఐడియా మీద మూడు వారాలు కూర్చుని ప్రపోజల్ రాసింది. ఆ ఐడియా పెట్టినాయన ఉద్యోగం మారి పత్తా లేకుండా పోయాడు. ఆమె ప్రశ్నలకు జవాబు చెప్పిన దిక్కు లేదు.

చింతపిక్క:
తీసేస్తే ఐదు మిగులుతాయి అన్నా. అసలు నేను మెంటర్ అయింది అలా ఖాళీగా ఉన్న ఐడియా చూసే కదా! "ఇది నేను చూసుకుంటా" అన్నాను, చూసుకున్నాను.

ఎర్రసిరా:
పేరు ఒక్కటే సమస్య కాదు. "స్పెల్‌చెక్ మెరుగుపరచాలి" అంటే అది ఐడియా కాదు, మొక్కు. సంధి సంగతే చూడండి. "రాముడికి" లాంటివి హన్‌స్పెల్ (స్పెల్‌చెక్ చేసే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్) నియమాల్లో రాసుకోవచ్చు. "రాముడెక్కడ" వచ్చేసరికి రెండు మాటలు కలిసిపోయి మధ్యలో ఉకారం ఎగిరిపోతుంది. అలాంటి జంటలన్నీ నిఘంటువులో ఎక్కించడం అయ్యే పనేనా? కాబట్టి ఎర్రగీత తప్పుగా పడే వాక్యాలు ఓ వెయ్యి ముందే పోగేసి, వాటిలో సగమైనా సరికావాలి అని రాయండి. అప్పుడు పిల్లలకీ తెలుస్తుంది, మనకీ తెలుస్తుంది. ఇంకోటి, దాని ఎదురుగా 90 గంటలు అని రాసిందెవరు? 2024లో గూగుల్ 90 గంటల చిన్న సైజు ప్రాజెక్టులు కూడా తెచ్చింది కదా అని అన్నిటికీ అదే తగిలించారు. అది 350 గంటల పని.

పల్లేరుకాయ:
ఒప్పుకుంటా. రెండో మెంటర్ కూడా ఉండాలి, మధ్యలో జ్వరమొచ్చినా ఇంట్లో పెళ్ళొచ్చినా పని ఆగకుండా. అది కూడా లేని ఐడియా ఎంత బాగున్నా నాకొద్దు.

చింతపిక్క:
అలా అయితే మన ప్రాజెక్టులో ఇల్లూ పిల్లలూ లేనివాళ్ళే మెంటర్లు కావాలి 🙂

సున్నుండ:
ఆ వరంగల్ అమ్మాయిని నేనే. ఐడియా అక్కడ ఉన్నందుకు నాకు కోపం లేదు. మెంటర్ లేరని పైనే ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు, నేను ఆ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడాను. కాబట్టి తీసేయకండి, "మెంటర్ కావాలి" అని విడిగా పెట్టండి. విద్యార్థులు వాటికి ప్రపోజల్ రాయకూడదని కూడా చెప్పండి. సంధి ఐడియాకి రెండో మెంటర్‌గా నా పేరు రాసుకోండి, ఆ కోడ్ ఎలాగూ చదివేశాను. మొదటి మెంటర్ ఎవరు?

ఎర్రసిరా:
నా పేరు రాయండి. గంటలు మార్చాకే.

పల్లేరుకాయ:
సరే. మిగతా ఎనిమిదింటికి?