అప్‌డేట్: రెండు 3090 గ్రాఫిక్స్ కార్డులకి వాటర్ కూలింగ్ పెట్టించలేదు

బ్లెండర్ (3డి సాఫ్ట్‌వేర్) రెండర్లకి, అంటే 3డి సీన్లని ఫైనల్ బొమ్మలుగా మార్చే పనికి, వాడే రెండు ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డులకి వాటర్ కూలింగ్ (నీళ్లు తిప్పి చల్లబరచడం) అవసరమా అని పోయిన నెల అడిగాను కదా, చివరికి వద్దనుకున్నాను. కేసు తెరిచి చూస్తే పై కార్డు ఫ్యాన్లకీ కింది కార్డు వీపుకీ మధ్య వేలు కూడా దూరట్లేదు, పైగా 3090లో సగం మెమరీ చిప్స్ వెనకవైపే ఉంటాయి కాబట్టి ఆ సెగంతా పై కార్డే పీల్చుకుంటోంది. కార్డుని మదర్‌బోర్డుకి దూరం నుంచి కలిపే రైజర్ కేబుల్‌తో కింది కార్డుని దూరంగా జరిపాను. ఒక్కో కార్డు పవర్ లిమిట్ 350 వాట్ల నుంచి 280కి దించాను. పై కార్డు మెమరీ 106 డిగ్రీల నుంచి 92కి వచ్చింది, రాత్రంతా నడిచే రెండర్ ఇరవై నిమిషాలు ఆలస్యమవుతోంది, అంతే. నీళ్లు పెట్టినా ఆ వేడి గదిలోకే కదా వచ్చేది, హైదరాబాద్ ఎండాకాలంలో ఏసీ ఎలాగూ తప్పదు. మూడో కార్డు కొంటే మాత్రం ఖాళీ ఉండదు, అప్పుడు చిప్‌ల మీద బిగించి నీళ్లు పారించే వాటర్ బ్లాకులే.