మౌఖిక పరీక్షలకు న్యాక్‌లో రుజువు ఏం చూపించాలి?

ప్రశ్న: మాది వేద విశ్వవిద్యాలయం. విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కి ఎస్‌ఎస్‌ఆర్ (మా సంస్థ గురించి మేమే రాసిచ్చే నివేదిక) రాసే పని నా మీద పడింది. రెండో క్రైటీరియన్, అంటే బోధన, మూల్యాంకనం దగ్గర ఆగిపోయాను. మా పిల్లలకు జవాబు పత్రాలే ఉండవు. పరీక్షాధికారి పనస (వేదపాఠంలో ఒక చిన్న భాగం) మొదటి మాట అందిస్తారు, విద్యార్థి కళ్లు మూసుకుని చివరిదాకా ఘన (పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పే పద్ధతి) చెబుతాడు. స్వరం తప్పితే ఆయన వేలితో బల్ల మీద తడతారు, అంతే. దీనికి కాగితం ఎక్కడినుంచి తేవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ఆ తట్టడాన్నే కాగితం మీద పెట్టండి సార్. మేం పనసవారీ షీటు చేశాం: స్వరం తప్పులెన్ని, అందింపులెన్ని, కింద తేదీ, సంతకం. డీవీవీలో, అంటే న్యాక్ మనం ఇచ్చిన వివరాలను సరిచూసే దశలో, అడిగేది సంతకమున్న పత్రమే. పాత సంవత్సరాలవి మాత్రం ఇప్పుడు కూర్చుని తయారుచేయకండి, అది తప్పు. ఉన్న మార్కుల రిజిస్టరే స్కాన్ చేయండి. అన్నట్టు, సంస్కృత విశ్వవిద్యాలయాలకు న్యాక్ మాన్యువల్ విడిగా ఉంది, చూశారా?

జవాబు 2: న్యాక్ చేసే విద్యార్థుల సంతృప్తి సర్వే లింకు వాళ్ల మెయిల్‌కే వస్తుందండీ. మా పిల్లల్లో చాలామంది మెయిల్ తెరిచిందే లేదు. ముందే కూర్చోబెట్టి నేర్పండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. షీటు ఈ పరీక్షల నుంచే మొదలుపెడతాం. ఏడో క్రైటీరియన్‌లో, అంటే సంస్థ విలువలు, మంచి పద్ధతుల దగ్గర, తాటాకు గ్రంథాలకు నిమ్మగడ్డి నూనె రాసే మా పని చూపిస్తున్నాను.