కాపీ రక్షణ ఉన్న పాత సంగీత సీడీల నుంచి పాటలను ఎలా దించుకున్నారు?

వీణాతంత్రి:
2002కూ 2006కూ మధ్య జర్మనీలో ఉద్యోగం చేసిన రోజుల్లో కొన్న పాశ్చాత్య సంగీత సీడీలు నా దగ్గర ఒక పెట్టెనిండా ఉన్నాయి. ఇప్పుడు విజయవాడలో స్థిరపడ్డాక వాటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుందామని చూస్తే, కొన్నిటిని కంప్యూటర్ అసలు గుర్తించడం లేదు. కొన్నిటిలో పాటలకు బదులు ఏదో ప్లేయర్ ప్రోగ్రాం కనిపిస్తోంది. ఒకదానిలో పాటలు ఎక్కాయి గాని నడుమ నడుమ టిక్కు టిక్కుమనే చప్పుడు వస్తోంది. ఇవే డిస్కులు మామూలు సీడీ ప్లేయర్‌లో శుభ్రంగా పాడుతున్నాయి. ఇటువంటి వాటితో వ్యవహరించినవారు తమ అనుభవం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాతడిస్కులు:
వీణాతంత్రి గారూ, మీరు చెప్పిన మూడు లక్షణాలూ మూడు వేర్వేరు పద్ధతులకు గుర్తులు కనుక అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. ముందుగా ఆ డిస్కుల మీద ‘కాంపాక్ట్ డిస్క్ డిజిటల్ ఆడియో’ ముద్ర ఉందో లేదో చూడండి. ఫిలిప్స్, సోనీ కలిసి సంగీత సీడీల కోసం 1980లో రూపొందించిన రెడ్ బుక్ ప్రమాణానికి కట్టుబడని డిస్కులు ఆ ముద్రను వాడుకోరాదని ఫిలిప్స్ అప్పట్లోనే స్పష్టం చేసింది. ముద్ర లేకపోతే అనుమానించవలసిందే.

కంప్యూటర్ గుర్తించని డిస్కులలో సాధారణంగా రెండు సెషన్లు, అంటే విడివిడిగా రాసిన రెండు భాగాలు ఉంటాయి. మామూలు ప్లేయర్ మొదటి సెషన్‌నే చదువుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కంప్యూటర్ డ్రైవ్ మాత్రం చివరి సెషన్‌ను ముందు వెతుకుతుంది కాబట్టి, అక్కడ కావాలని తప్పుగా రాసి ఉంచిన సమాచారం దగ్గరే ఆగిపోతుంది. 2002లో కీ2ఆడియో అనే కాపీ రక్షణ ఉన్న డిస్కుల అంచున, ఆ చివరి సెషన్ ఉండే చోట, మార్కర్ పెన్నుతో గీత గీస్తే అవి చక్కగా పనిచేశాయన్న వార్త వ్యాపించింది ఇందువల్లనే. ఇప్పుడు ఆ పని చేయవద్దని నా మనవి, ఎందుకంటే సిరా కాస్త లోపలికి జరిగినా చివరి పాట పోతుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత ప్రోగ్రాంలో పాటల పట్టికను డిస్కు నుంచి నేరుగా వెతికించే ఏర్పాటు ఉంది. నాకు అది బాగా ఉపయోగపడింది. డ్రైవ్ మార్చి చూడడం కూడా తప్పనిసరి. నా ల్యాప్‌టాప్ డ్రైవ్ ససేమిరా చదవనన్న డిస్కును పాత డెస్క్‌టాప్‌లోని డీవీడీ రైటర్ ఏ పేచీ లేకుండా చదివింది.

టిక్కు చప్పుళ్ళది మరింత బాధాకరమైన సంగతి. కాక్టస్ డేటా షీల్డ్ వంటి కాపీ రక్షణ పద్ధతులలో, సెకనుకు 44,100 చొప్పున ఉండే ధ్వని నమూనాల మధ్య అక్కడక్కడా కావాలనే దోషాలను చొప్పించారు. మామూలు ప్లేయర్ అటువంటి చోట ఇరుపక్కల నమూనాలను బట్టి ఖాళీని పూరించుకుంటుంది. కంప్యూటర్ డ్రైవ్ ఉన్నదున్నట్టు అందించడంతో అది చప్పుడుగా వినిపిస్తుంది. గీతలు, దుమ్ము వంటివాటిని తట్టుకోవడానికి సీడీలో ఏర్పరచిన దోష సవరణ శక్తిని ఇలా పుట్టుకతోనే ఖర్చు చేసేశారు గనుక, ఈ డిస్కులు మామూలు సీడీల కంటే త్వరగా మొరాయిస్తాయి. డబ్బు పెట్టి కొన్నవాడికి బలహీనమైన వస్తువును అంటగట్టడం నాకు ఏనాడూ న్యాయంగా తోచలేదు. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడిచి, వేగం తగ్గించి, ఒకే భాగాన్ని పదేపదే చదివి సరిపోల్చే పద్ధతిలో ప్రయత్నించండి.

డల్లాస్_శ్రోత:
ప్లేయర్ ప్రోగ్రాం కనిపించే డిస్కుల విషయంలో ఆ ప్రోగ్రాంను ఎట్టి పరిస్థితిలోనూ నడపవద్దు. ఫస్ట్ 4 ఇంటర్నెట్ తయారుచేసిన ఎక్స్‌సీపీ అనే రక్షణను సోనీ బీఎంజీ సంగీత సంస్థ తన సీడీలలో పెట్టిందనీ, అది విండోస్‌లో తనను తాను దాచుకుంటోందనీ విండోస్ నిపుణుడు మార్క్ రసినోవిచ్ 2005 అక్టోబర్ 31న బయటపెట్టారు. డాలర్ గుర్తు, ‘సిస్’ (sys) అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, మళ్ళీ డాలర్ గుర్తు, వీటితో పేరు మొదలయ్యే ఏ ఫైలైనా ఆ కంప్యూటర్‌లో కనబడకుండా పోయేది, దానితో వైరస్‌లు రాసేవారు కూడా ఆ చాటునే దాక్కోగలిగారు. తొలగించడానికని ఇచ్చిన సాధనం మరో భద్రతా లోపాన్ని తెరిచిందని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ ఫెల్టెన్, అలెక్స్ హాల్డర్‌మన్ చూపించారు. నవంబర్‌లో సోనీ బీఎంజీ ఆ సీడీలను వెనక్కు తీసుకుంది. 2007 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం, కంప్యూటర్ దెబ్బతిన్నవారికి 150 డాలర్ల వరకు చెల్లించడానికి అంగీకరించింది.

డిస్కు పెట్టేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి ఉంచితే ఆటోరన్ (డిస్కులోని ప్రోగ్రాం తనంతట తానే మొదలవడం) ఆగిపోయి, ఈ రకం డిస్కు మామూలు సీడీలాగే తెరుచుకుంటుంది. మీడియామ్యాక్స్ అనే మరో రక్షణ గురించి 2003లో హాల్డర్‌మన్ ఈ మాటే రాసినందుకు, దాన్ని తయారుచేసిన సన్‌కామ్ సంస్థ దావా వేస్తామని ప్రకటించి మరునాడే వెనక్కు తగ్గింది.

కాకినాడ_రేడియో:
లైనక్స్ ఉన్న కంప్యూటర్‌లో ఆ విండోస్ ప్రోగ్రాంలు నడవవు కనుక షిఫ్ట్ కీ అవసరం కూడా రాదు. ఏ డ్రైవ్‌కూ లొంగని డిస్కు మిగిలితే, సీడీ ప్లేయర్ వెనక ధ్వని బయటికి వచ్చే లైన్ అవుట్ నుంచి సౌండ్ కార్డుకు తీగ కలిపి, ధ్వని స్థాయి పరిమితి దాటకుండా చూసుకుంటూ రికార్డు చేసుకోవచ్చు. పాట ఎంతసేపుంటే అంతసేపూ పడుతుంది గాని, మంచి ప్లేయర్ ఉంటే చెవికి తేడా తెలియడం కష్టం.

వీణాతంత్రి:
అందరికీ కృతజ్ఞతలు. సొంత డిస్కు నుంచి ఇలా కాపీ చేసుకోవడం మన చట్టానికి సమ్మతమేనా అన్నది కూడా ఎవరైనా చెప్పగలరా?

న్యాయపథం:
2012 సవరణతో కాపీరైట్ చట్టంలో చేరిన 65ఎ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటడాన్ని నేరంగా పరిగణించి, రెండేళ్ళ వరకు జైలు శిక్షనూ జరిమానానూ నిర్దేశించింది. ఉద్దేశం అనే మాటే ఇక్కడ కీలకం. వ్యక్తిగత వినియోగం కోసం సక్రమంగా వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘన కింద లెక్కించదు కనుక, మీరు కొన్న డిస్కును మీరు వినడానికి ఎక్కించుకోవడంలో ఆ ఉద్దేశం లేదని నా అవగాహన. కాపీలను ఇతరులకు పంచితే ఈ రక్షణ వర్తించదు. అమెరికాలో 1998 నాటి చట్టం ఇంతకంటే కఠినమైనది కనుక డల్లాస్ మిత్రులు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. డిస్కులను అమ్మివేయకుండా, కవరుతో సహా దగ్గర ఉంచుకోండి; కాపీ మీ సొంత డిస్కుదే అనడానికి అవే ఆధారం.