పోక్సో వార్తల శీర్షికల్లో ‘పెడోఫైల్’ అని రాయవచ్చా?

విశాఖపట్నంలో ఒక చిన్న దినపత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేస్తున్నాను. పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం) కేసులో ఎవరు అరెస్టయినా, నేరం రుజువు కాకముందే, మా జిల్లా పేజీ శీర్షికలో ‘పెడోఫైల్’ అని పెట్టేస్తున్నారు. 19వ శతాబ్ది చివర ఆస్ట్రియా మనోవైద్యుడు క్రాఫ్ట్ ఎబింగ్ గ్రీకు మూలాల నుంచి వైద్యంలోకి తెచ్చిన ‘పెడోఫీలియా’ అనే పదం యుక్తవయస్సు రాని పిల్లలపై కలిగే లైంగిక ఆకర్షణను సూచిస్తుందే గాని, చేసిన నేరాన్ని కాదు. పైగా 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ బాలలుగానే పరిగణిస్తుంది కనుక, 17 ఏళ్ల బాలికపై జరిగిన నేరానికి ఈ మాట అసలు అతకదు. ‘బాలలపై లైంగిక నేరం కేసులో నిందితుడు’ అంటే సరిగ్గానే ఉంటుంది, కానీ సింగిల్ కాలమ్‌లో పట్టదు (మా పేజీ డిజైనర్ గోల అదే). పత్రికల్లో పనిచేసేవారు, న్యాయవాదులు దయచేసి చెప్పగలరా: మీ డెస్కుల్లో దీనికి రాతపూర్వక నియమం ఏదైనా ఉందా, పొట్టిగా ఏ మాట వాడుతున్నారు?